రేవు హాజరు

స్వర్ణోత్సవ సంచిక కమిటీ వారికి,
మీరు పంపిన కాగితం అందిందండి.
పేరు, బ్యాచి, రోల్ నంబరు రాశాను.
"సాధించిన విజయాలు, రెండు వాక్యాలకు మించకుండా"
అన్న గడి దగ్గర
మూడు రోజులుగా పెన్ను ఆగిపోయింది.
ఒక సంగతి చెబుతాను, వేసుకుంటే వేసుకోండి.

ఎర్రనీరు వచ్చిందంటే
కాజ్‌వే మునిగేది, పడవ కట్టేసేవారు.
గన్నవరం ఒడ్డున కాలేజీ,
ఇవతల లంకలో మేం పన్నెండు మందిమి.
వేసవిలో చెప్పులు చేత పట్టుకుని దాటే పాయ
శ్రావణంలో మమ్మల్ని ఎరగనట్టు పోయేది.
హాజరు డెబ్బై అయిదు శాతం లేకపోతే
పరీక్షకు కూర్చోనివ్వరు.
గోదారికి ఆ రూలు తెలీదు.

విప్పర్తి ఏసుపాదం మేష్టారు, బోటనీ,
మొదటి ఏడు ఏం మాట్లాడలేదు.
రెండో ఏడు వరదకి
హాజరు పట్టీ ఎరువుల సంచిలో చుట్టుకుని
పాంటు మోకాళ్ళ దాకా మడిచి
రేవు మెట్ల మీద నిలబడి
అవతల నుంచి పేర్లు పిలిచారు.

"ప్రెజెంట్ సార్" అని అరిచాం.
ఇంగ్లీషుకి ఈత రాదు,
సగం పాయలోనే మునిగిపోయింది.
అప్పుడు కుడుపూడి భూలోకం
రెండు చేతులూ నోటికి దొప్పలా పట్టి
"ఆయ్!" అన్నాడు.
తేలుకుంటూ వెళ్ళి
మేష్టారి కాళ్ళ దగ్గర ఒడ్డెక్కింది ఆ ముక్క.

అప్పట్నుంచి అదే ఆచారం.
పేరు పిలవగానే గొడుగెత్తాలి, ఆయ్ అనాలి.
మా తరవాతి బ్యాచిలూ అలాగే చేశాయంట.
ఏ ప్రిన్సిపాలూ దాని మీద సంతకం పెట్టలేదు.

ఓసారి పెచ్చెట్టి చంద్రకళ
జ్వరమొచ్చి మంచం దిగలేదు.
దాని గొడుగూ నేనే ఎత్తి
గొంతు మార్చి ఆయ్ అన్నాను.
మేష్టారు చాలాసేపు మావైపు చూసి అరిచారు:
"గొడుగులు పన్నెండు,
కాళ్ళు ఇరవై రెండేనేంటమ్మా సూర్యకాంతం?"
పడవ అంచున కూర్చుని పోలయ్య నవ్విన నవ్వు
లంకంతా వినబడింది.
అయినా చంద్రకళకి హాజరు వేశారు,
పక్కన పెన్సిలుతో "జ్వరం" అని రాసి.

సంచికలో దాని ఫొటో పెద్దది వేస్తారని విన్నాను.
జిల్లా జడ్జి కదా, వెయ్యండి.
సాక్షి మాట నమ్మేముందు కాళ్ళు లెక్కపెట్టడం
ఎవరి దగ్గర నేర్చుకుందో మాత్రం అడగండి.
మహంకాళి వరి వంగడాల శాస్త్రవేత్త,
వారం పైన నీళ్ళలో ఉన్నా కుళ్ళని నారు తీశాడు.
మునిగిన చేను వాడు పుస్తకంలో చూసింది కాదు.
భూలోకం ఓడల్లో ఇంజనీరు,
అన్ని రేవులూ తిరిగినా
ఫోనెత్తి ఇప్పటికీ హలో అనడు.

నాది మూడో ఏడు ఆగిపోయింది.
గట్టు తెగి మా అరటితోట మీద ఇసక మేటేసింది.
ఫీజు ఉండాల్సిన చోట ఇసకుంది.
డిగ్రీ లేనిదాన్ని పూర్వ విద్యార్థి అంటారో అనరో
మీ కాగితంలో లేదు.

ఇరిగేషన్లో గేజి చదవడం నా పని.
వరద రోజుల్లో గంటగంటకీ
అక్విడెక్టు కింద టార్చి వేసి
రాతి మీద అంకె చూసి ఫోనులో చెప్పాలి.
పదమూడు పాయింటు రెండు.
పదమూడు పాయింటు అయిదు.
ఆ అంకెని బట్టి కింద లంకల్లో
పశువుల్ని మెరకెక్కిస్తారు, పిల్లల్ని లేపుతారు.
ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారీ
చూడకుండా చెప్పలేదు.
ఇంకొకరి గొడుగు మళ్ళీ ఎత్తలేదు.

పోయిన జూలైలో మేష్టారు పోయారు.
సమాధుల దొడ్లో పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే
వెనక వరసలో భూలోకం గొడుగెత్తాడు.
వాన లేదు. ఎవరూ ఏం అడగలేదు.

ఇప్పుడు వంతెన స్తంభాలు లేచాయి.
ఇకమీదట పిల్లలు బస్సులో వచ్చి
వేలిముద్ర వేస్తారు. మంచిదే.
తడి వేలు మిషను ఒప్పుకోదంట,
కాలేజీ నిధుల్లోంచి ఓ తువ్వాలు ఇప్పించండి.

గడి ఖాళీగానే పంపుతున్నాను.
ఉత్సవం నాడు వరద లేకపోతే వస్తాను.
ఉంటే,
రేవు మెట్ల మీద ఎవర్నైనా నిలబెట్టి
ముప్ఫై ఏడో నంబరు పిలిపించండి.